స్పోర్ట్స్ కారును 50 మి.మీ. దించితే మలుపుల్లో పట్టు పెరుగుతుందా?

మీరు అడిగింది ఇదీ: వెనక చక్రాలతో నడిచే రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక మల్టీలింక్ సస్పెన్షన్ (చక్రాలను బాడీకి కలిపే అమరిక). రోజూ రోడ్డు మీద వాడతారు, అప్పుడప్పుడు ట్రాక్‌కి తీసుకెళ్తారు. కంపెనీ షాక్ అబ్జార్బర్లు అలాగే ఉంచి 50 మి.మీ. దించే స్ప్రింగులు వేయిద్దామనుకుంటున్నారు. మలుపుల్లో బండి ఒరగడం తగ్గాలి, స్టీరింగ్ చురుగ్గా ఉండాలి, పట్టు పెరగాలి.

ముందే సూటిగా చెప్పేస్తాను. ఆ స్ప్రింగులు, ఆ పాత షాకులు, ఆ 50 మి.మీ., ఈ మూడూ కలిస్తే కారు చూడ్డానికి అదిరిపోతుంది కానీ గట్టి మలుపులో ఇప్పటికంటే అధ్వానంగా తిరుగుతుంది. దించడమే తప్పని అనడం లేదు. మీ కారు లాంటి స్ట్రట్ కారుకు 20, మహా అయితే 25 మి.మీ. దించి, దానికి తగిన షాకులు వేసి, అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) సరిగ్గా చేయిస్తే నిజంగానే బాగుంటుంది. ఆ అంకె దగ్గరే ఎందుకు ఆగమంటున్నానో లెక్కలతో సహా చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో "ఎంత కిందికుంటే అంత మంచిది" అన్న మాట చాలామంది నోట వింటారు.

ఆ మాటలో నిజం ఎంతుందో ముందు చూద్దాం. మలుపులో లోపలి చక్రాల మీది బరువు కొంత బయటి చక్రాల మీదికి మారుతుంది. ఎంత మారుతుందనేది కారు బరువు, పక్కకు లాగే బలం, గురుత్వ కేంద్రం ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం, ఈ నాలుగింటి మీదే ఆధారపడుతుంది. 1300 కిలోల కారు, గురుత్వ కేంద్రం నేల నుంచి 500 మి.మీ., చక్రాల మధ్య 1500 మి.మీ. అనుకోండి. 1 జీ మలుపులో, అంటే కారు బరువుకు సమానమైన బలం పక్కకు లాగుతున్నప్పుడు, దాదాపు 433 కిలోలు బయటికి మారతాయి. గురుత్వ కేంద్రాన్ని 25 మి.మీ. దించితే అది 412 కిలోలవుతుంది. 50 మి.మీ. దించితే 390.

బరువు మారితే నష్టమేంటంటే, టైరు మీద బరువు రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. కాబట్టి బయటి టైరు సంపాదించినదాని కంటే లోపలి టైరు పోగొట్టుకున్నదే ఎక్కువ. రెండు టైర్ల మీదా బరువు ఎంత సమానంగా ఉంటే మొత్తం పట్టు అంత ఎక్కువ. దించడం వల్ల వచ్చే అసలు లాభం ఇదే, ఇది ఖాయంగా వచ్చేదే. కానీ పరిమాణం చూడండి. 25 మి.మీ. దించితే బరువు మారడం 5 శాతం తగ్గింది. పట్టులో పెరుగుదల ఆ 5 శాతంలో చిన్న భాగమే. మంచి రకం టైర్లకు మారితే వచ్చే తేడా ముందు ఇది చాలా చిన్నది.

ఇంకో సంగతి. గట్టి స్ప్రింగులు వేస్తే బరువు మారడం తగ్గుతుందని చాలామంది నమ్మకం. తగ్గదు. పైన చెప్పిన నాలుగింటిలో స్ప్రింగు లేదు, గమనించండి. గట్టి స్ప్రింగు ఒరగడాన్ని తగ్గిస్తుంది. మారే మొత్తం బరువులో ముందు జత ఎంత మోయాలి, వెనక జత ఎంత మోయాలి అన్నది ముందు వెనకల గట్టిదనాల నిష్పత్తి తేలుస్తుంది. అందుకే ముందు మాత్రమే గట్టి చేస్తే ముక్కు బయటికి జారుతుంది, వెనక మాత్రమే గట్టి చేస్తే తోక బయటికి వస్తుంది. ఒరగడం కంటికి కనిపిస్తుంది కాబట్టి దాన్నే శత్రువు అనుకుంటాం. నిజానికి ఒరిగినప్పుడు చక్రం రోడ్డు మీద ఎంత నిటారుగా నిలిచిందన్నదే పట్టును నిర్ణయిస్తుంది.

ఇక్కడికి వచ్చాకే మెక్‌ఫర్సన్ స్ట్రట్ అడ్డం తిరుగుతుంది. ఫోర్డ్‌లో పనిచేసిన ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించిన ఈ అమరిక చవకగా, తేలిగ్గా, తక్కువ చోటులో ఇముడుతుంది. కింద ఒక ఆర్మ్, పైన షాకే రెండో కీలు. మీ కారును ర్యాంపు మీద, చక్రాలు బరువు మోస్తుండగా ముందు నుంచి చూడండి. లోయర్ ఆర్మ్ లోపలి చివర చాసిస్‌కు, బయటి చివర బాల్ జాయింట్‌కు ఉంటుంది. కంపెనీ ఎత్తులో సాధారణంగా బయటి చివర లోపలిదానికంటే కాస్త కిందికి ఉంటుంది. కారును దించితే బాల్ జాయింట్ ఉన్నచోటే ఉంటుంది, ఎందుకంటే అది చక్రంతో పాటు ఉండేది. లోపలి చివర మాత్రం చాసిస్‌తో పాటు దిగుతుంది. 350 మి.మీ. పొడవున్న ఆర్మ్ అయితే 50 మి.మీ. దించినప్పుడు కోణం దాదాపు 8 డిగ్రీలు మారుతుంది. అప్పటిదాకా బయటి చివర కిందికి వాలి ఉన్న ఆర్మ్ ఇప్పుడు బయటి చివర పైకెత్తుకుని ఉంటుంది.

దీనివల్ల జరిగే మొదటి నష్టం రోల్ సెంటర్‌ది. మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది రోల్ సెంటర్. గురుత్వ కేంద్రానికీ దీనికీ మధ్య ఉన్న ఎత్తు ఒక మీట లాంటిది. మీట ఎంత పొడవైతే కారు అంత ఎక్కువ ఒరుగుతుంది. స్ట్రట్ కారులో ఆర్మ్ కోణం మారితే రోల్ సెంటర్ గురుత్వ కేంద్రం కంటే చాలా వేగంగా పడిపోతుంది. మామూలు కొలతలు తీసుకుని లెక్క వేశాను: ఆర్మ్ 350 మి.మీ., కంపెనీ ఎత్తులో బయటి చివర 20 మి.మీ. కిందికి, స్ట్రట్ 13 డిగ్రీలు లోపలికి వాలి ఉంది. అప్పుడు రోల్ సెంటర్ నేలకు దాదాపు 100 మి.మీ. పైన ఉంటుంది, మీట పొడవు 400. కారును 20 మి.మీ. దించితే రోల్ సెంటర్ 50 దగ్గరికి దిగుతుంది, మీట 430 అవుతుంది. 50 మి.మీ. దించితే రోల్ సెంటర్ నేల కిందికి, దాదాపు 30 మి.మీ. లోతుకు వెళ్లిపోతుంది. మీట 480.

అంటే కారు 50 మి.మీ. కిందికి దిగింది, ముందు భాగాన్ని ఒరిగించే మీట మాత్రం 20 శాతం పెరిగింది. స్ప్రింగు 20 శాతం గట్టిదైనా ఒరగడం దాదాపు పాత స్థాయిలోనే ఉంటుంది. గట్టి స్ప్రింగు కోసం పెట్టిన డబ్బూ, పాడు చేసుకున్న ప్రయాణ సుఖమూ ఈ మీటను ఎదుర్కోవడానికే సరిపోయాయి. మీ కారు కొలతలు వేరుగా ఉండొచ్చు, అంకెలు కొంత మారతాయి, దిశ మాత్రం మారదు.

రెండో నష్టం క్యాంబర్‌ది, అంటే ముందు నుంచి చూస్తే చక్రం నిలువుకు ఎంత వాలిందన్న కోణానిది. చక్రం పైకి కదిలినప్పుడు పైభాగం లోపలికి వాలుతూ నెగటివ్ క్యాంబర్ పెరగాలి. అప్పుడే బాడీ బయటికి ఒరిగినా టైరు రోడ్డుకు నిటారుగా దగ్గరగా ఉంటుంది. స్ట్రట్‌లో ఈ పెరుగుదల మొదటి నుంచీ తక్కువే. ఆర్మ్ పైకి లేచేకొద్దీ ఇంకా తగ్గిపోతుంది. ఆర్మ్‌కూ స్ట్రట్‌కూ మధ్య కోణం 90 డిగ్రీలైన చోట పూర్తిగా ఆగి, అది దాటితే తిరగబడుతుంది. బాగా దించిన కారు నిలబడి ఉన్నప్పుడు చక్రాలు లోపలికి వాలి కనిపిస్తాయి, "క్యాంబర్ బాగా వచ్చింది" అనుకుంటాం. మలుపులో అవసరమైనప్పుడు అదనంగా రావాల్సింది రాదు, బాడీ ఒరిగినంత మేరా బయటి టైరు తన బయటి అంచు మీదికి దొర్లుతుంది. స్టీరింగ్ ఇంకా తిప్పుతారు, ముక్కు లోపలికి రాదు.

చక్రానికి పైనొకటి కిందొకటి ఆర్మ్‌లుండే డబుల్ విష్‌బోన్ ఉన్న కార్లకు ఈ బాధ తక్కువ. మజ్దా ఎంఎక్స్-5 మొదటి తరం నుంచీ ముందు డబుల్ విష్‌బోనే వాడింది. పోర్షే 911 దశాబ్దాలపాటు ముందు స్ట్రట్‌తోనే అద్భుతంగా నడిచింది, 2021లో వచ్చిన 992 తరం జీటీ3కి మాత్రం ముందు డబుల్ విష్‌బోన్ ఇచ్చారు. అలా అని స్ట్రట్ చెడ్డదని కాదు. దానికి తన ఎత్తులో తనను ఉండనిస్తే చాలు. ఇంకో కారువాళ్లు 40 మి.మీ. దించి హాయిగా ఉన్నామంటే, వాళ్ల సస్పెన్షన్ ఏ రకమో అడిగాకే ఆ సలహా వినండి.

స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రాన్ని తిప్పే కడ్డీ, టై రాడ్ సంగతి కూడా ఉంది. లోయర్ ఆర్మ్, టై రాడ్ రెండూ తమ తమ వంపుల్లో కదులుతాయి. కంపెనీ ఎత్తు చుట్టుపక్కల ఆ వంపులు ఒకదానికొకటి సరిపోయేలా డిజైన్ చేస్తారు. ఆ ఎత్తుకు దూరమయ్యేకొద్దీ సరిపోలిక తప్పి, చక్రం గుంతలో దిగినా గడ్డ మీద ఎక్కినా దానంతట అదే కొంచెం తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. తిన్నటి రోడ్డు మీద కారు అటూ ఇటూ వెతుక్కుంటున్నట్టు ఉంటుంది, స్టీరింగ్‌ను చిన్న చిన్నగా దిద్దుతూనే ఉండాలి. కొందరు దీన్నే "స్టీరింగ్ చురుగ్గా అయ్యింది" అని పొరబడతారు. వెనక చక్రాల్లో ఇలా జరిగితే నవ్వులాట కాదు. హోండా ఎస్2000 తొలి మోడళ్లలో వెనక చక్రం టో (పై నుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కదలికలో ఎక్కువ మారేది, కారు తోక విషయంలో దురుసుగా పేరు తెచ్చుకుంది. 2004 మార్పుల్లో హోండా ఆ జ్యామితిని సవరించింది. ఫ్యాక్టరీ ఎత్తులోనే ఇంత తేడా చూపే విషయమిది.

రోల్ సెంటర్‌ను తిరిగి పైకి తేవడానికి పొడవాటి పిన్ను ఉన్న బాల్ జాయింట్లు దొరుకుతాయి. అవి ఆర్మ్ బయటి చివరను కిందికి దించి కోణాన్ని పాత చోటికి తెస్తాయి. పనిచేస్తాయి, నాకు వాటి మీద గురి ఉంది. కానీ అవి వేస్తే టై రాడ్ బయటి చివరనూ దాదాపు అంతే దించాలి, లేకపోతే ఒక జబ్బు నయం చేసి ఇంకోటి అంటించినట్టే. పైగా రిమ్ లోపలి అంచుకు తగలకుండా చోటుండాలి. మీరు 20 మి.మీ. దగ్గర ఆగితే ఈ తలనొప్పి అసలు అక్కర్లేదు. ఆర్మ్ నేలకు సమాంతరంగా వచ్చేదాకా దించండి, అది దాటకండి. నా లెక్కలో ఆ ఎత్తు సరిగ్గా 20 మి.మీ. దగ్గర వచ్చింది చూడండి. మీ కారులో ఎంతో కొలిస్తే తెలుస్తుంది: లోపలి బోల్టు మధ్య నుంచి నేలకు, బాల్ జాయింట్ తిరిగే మధ్య బిందువు నుంచి నేలకు. ఆ రెండింటి తేడాయే మీకున్న హద్దు. ఏ స్ప్రింగు అట్ట పెట్టె మీద ఏమి రాసున్నా ఈ కొలతే నమ్మండి.

ఇప్పుడు ప్రయాణం, అంటే చక్రం పైకి కదలడానికి మిగిలిన చోటు. నా ఉద్దేశంలో దించిన కార్లు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే, జ్యామితి కంటే కూడా. కంపెనీ ఎత్తులో బంప్ స్టాప్ (చక్రం ఇక పైకి పోకుండా ఆపే రబ్బరు ముక్క) తగలడానికి ముందు 75 మి.మీ. చోటుందనుకోండి. 50 మి.మీ. దించితే 25 మిగులుతుంది. ఒక ముందు చక్రం మీద స్ప్రింగు మోసే బరువు 280 కిలోలు, చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం మి.మీ.కి 25 న్యూటన్లు అనుకుందాం. ఆ 25 మి.మీ. అయిపోవడానికి 625 న్యూటన్లు, అంటే 64 కిలోల అదనపు బరువు చాలు. ఇందాకటి లెక్కలో 1 జీ మలుపులో ముందు బయటి చక్రానికి వచ్చే అదనపు బరువు 200 కిలోల చుట్టుపక్కల. అందులో 40 శాతం యాంటీ రోల్ బార్ (ఎడమ కుడి చక్రాలను కలిపి ఒరగడాన్ని అడ్డుకునే కడ్డీ) మోసినా, 0.5 జీ దాటగానే మీరు బంప్ స్టాప్ మీద కూర్చుంటారు. మంచి టైర్లున్న స్పోర్ట్స్ కారు 0.9 జీ పైగా తిరగగలదు. అంటే కారు సామర్థ్యంలో రెండో సగమంతా రబ్బరు ముక్క మీదే నడుస్తోంది.

బంప్ స్టాప్ కూడా ఒక స్ప్రింగే. కానీ నొక్కేకొద్దీ ఉన్నట్టుండి గట్టిపడే స్ప్రింగు. మలుపు మధ్యలో ముందు చక్రం దాని మీద కూర్చుంటే ముందు గట్టిదనం ఒక్కసారిగా పెరిగి ముక్కు జారుతుంది. వెనక కూర్చుంటే తోక తన్నుకొస్తుంది, అదీ హెచ్చరిక లేకుండా. అదే మలుపులో చిన్న గతుకు తగిలితే కారు మొత్తం ఓ అడుగు పక్కకు గెంతుతుంది. "దించాక రోడ్డు మీద బాగుంది, ట్రాక్ మీద భయమేస్తోంది" అనేవాళ్ల బండ్లలో నేను మొదట చూసేది దీన్నే. చూడ్డానికి ఖర్చేమీ లేదు. షాక్ రాడ్‌కి ఒక జిప్ టై బిగించి, కిందికి తోసి, మీ మామూలు దారిలో, మామూలు వేగంతో నడిపి రండి. అది ఎక్కడిదాకా నెట్టుకుపోయిందో చూస్తే ఎంత ప్రయాణం వాడుతున్నారో, ఎంత మిగిలిందో కళ్లకు కడుతుంది. దించాలన్న నిర్ణయానికి ముందే ఈ పని చేయండి. కంపెనీ ఎత్తులోనే స్టాప్ దాకా వెళ్తుంటే ఇక దించడం గురించి ఆలోచించే ముందు స్ప్రింగు గట్టిదనం గురించి ఆలోచించాలి.

మరి గట్టి స్ప్రింగు వేస్తే సరిపోదా? మిగిలిన 25 మి.మీ.లోనే 1 జీ మలుపు అయిపోవాలంటే గట్టిదనం దాదాపు రెట్టింపు, మి.మీ.కి 50 న్యూటన్లు కావాలి. 280 కిలోల మీద 25 న్యూటన్ల స్ప్రింగు సెకనుకు 1.5 సార్లు ఊగుతుంది, స్పోర్ట్స్ కారుకు ఇది హాయైన అంకె. 50 న్యూటన్లకు అది 2.1 దాటుతుంది. నున్నటి ట్రాక్ మీద రేస్ బండికి సరిపోయే అంకె అది. గతుకుల రోడ్డు మీద టైరు నేలను అంటిపెట్టుకోకుండా ఎగురుతుంది, గాల్లో ఉన్న టైరుకు పట్టు సున్నా. లోతుగా దించితే గట్టి స్ప్రింగు తప్పదు, గట్టి స్ప్రింగు వేస్తే మామూలు రోడ్డు మీద పట్టు పోతుంది. ఈ ముడి నుంచి తప్పించుకునే దారి ఒక్కటే, తక్కువ దించడం.

"రేస్ కార్లు నేలకు రాసుకుంటూ ఉంటాయి కదా" అంటారు. వాటి లెక్క వేరు. 1977లో లోటస్ 78తో మొదలై 1982 దాకా సాగిన ఫార్ములా 1 గ్రౌండ్ ఎఫెక్ట్ కాలంలో, కారు అడుగు నుంచి పోయే గాలే కారును నేలకు పీల్చేది. అందుకోసం అడుగు భాగం నేలకు దగ్గరగా, కదలకుండా ఉండాలి. దానికోసం సస్పెన్షన్‌ను దాదాపు బిగదీసేశారు, డ్రైవర్ల ఒళ్లు హూనమైంది. 1983కి చదునైన అడుగు తప్పనిసరి చేస్తూ నిబంధన తెచ్చారు. మీ కారుకు ఆ గాలి బలం లేదు కాబట్టి ఆ ఎత్తుతోనూ పనిలేదు. ర్యాలీ కార్లను చూడండి, గరుకు దారిలో వేగంగా తిరగడానికి వాటికి పొడవాటి ప్రయాణం ఇస్తారు. రోడ్డు కార్ల విషయంలో లోటస్ పాత ఎలాన్ మెత్తటి స్ప్రింగులతోనే గొప్ప నడకకు పేరు పడింది. మన రోడ్డు కార్ల అవసరం ఈ రెండోవైపుకే దగ్గర.

షాకుల సంగతి. స్ప్రింగు ఎగిరి దూకకుండా పట్టి ఉంచేది షాక్ అబ్జార్బర్. స్ప్రింగు 40 శాతం గట్టిదైతే, అదే అదుపు ఉండటానికి డ్యాంపింగ్ (షాక్ ఊపును అణచే బలం) 18 శాతం పెరగాలి, వర్గమూలం లెక్క. కంపెనీ షాక్ అసలే మెత్తటి స్ప్రింగు కోసం చేసింది, పైగా కొంత అరిగి ఉంటుంది. దాని మీద పొట్టి గట్టి స్ప్రింగు వేస్తే గతుకు తర్వాత కారు ఒకటికి రెండుసార్లు ఊగుతుంది. చాలామంది "గట్టిగా అయ్యింది" అనుకునేది నిజానికి అదుపు తప్పిన ఊపూ, బంప్ స్టాప్ దెబ్బా కలిసినది. అందుకే స్ప్రింగూ షాకూ జతగా కొనండి. ఉదాహరణకు బిల్‌స్టీన్‌లో బీ6 కంపెనీ ఎత్తు కోసం, బీ8 దించిన స్ప్రింగుల కోసం పొట్టిగా చేసినవి. ఏ కంపెనీదైనా సరే, ఆ షాక్ ఏ ఎత్తుకు చేశారో అడిగి తీసుకోండి. సర్దుబాటు మీటలున్నవైతే రీబౌండ్‌ను (నొక్కుకున్న షాక్ తిరిగి సాగడాన్ని అదుపు చేసేదాన్ని) మరీ బిగించకండి. వరసగా గతుకులు వస్తే చక్రం కిందికి తిరిగి రాకముందే ఇంకో దెబ్బ పడుతూ, కారు మెల్లగా కిందికి కుంగి మళ్లీ స్టాప్ మీదికే చేరుతుంది.

కాయిల్‌ఓవర్లు (ఎత్తు మార్చుకోగలిగే షాకు, స్ప్రింగు జతలు) కొనాలా అంటే, కార్నర్ వెయిట్ (నాలుగు చక్రాల మీది బరువులు తూచి సర్దడం) చేయించే ఉద్దేశం ఉంటే కొనండి, లేకపోతే మంచి షాకు, స్ప్రింగు జత చాలు. కొంటే షాక్ బాడీ అడుగు భాగం కూడా మరలతో తిరిగే రకం తీసుకోండి. దాంతో ఎత్తు మార్చినా షాక్ ప్రయాణం తగ్గదు. స్ప్రింగు కూర్చునే పళ్లెం మాత్రమే కదిలే రకంలో దించినకొద్దీ ప్రయాణాన్ని తినేస్తుంది. పళ్లెం బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందన్నది అపోహ. ఒకే పిచ్‌తో (చుట్ల మధ్య ఒకే దూరంతో) చుట్టిన స్ప్రింగులో గట్టిదనం మారదు, కారు లేస్తుంది అంతే. చక్రం గాల్లో వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పళ్లెంలోంచి కదలకూడదు. కదిలితే దాన్ని వదులు కాకుండా పట్టి ఉంచే చిన్న హెల్పర్ స్ప్రింగు కావాలి.

కంపెనీ స్ప్రింగును కోసి దించుతామనో, వేడి చేసి కుంగదీస్తామనో చెప్పే చోట బండి ఆపకండి. వేడి చేస్తే ఉక్కుకు ఇచ్చిన టెంపర్ పోతుంది. కోస్తే చుట్ల సంఖ్య తగ్గి కొంత గట్టిపడే మాట నిజమే గానీ, చివర పళ్లెంలో సరిగా కూర్చోదు. గుంతలో చక్రం పూర్తిగా దిగినప్పుడు అది జారిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

వెనక మల్టీలింక్ గురించి ఎక్కువ చెప్పను. దించితే నెగటివ్ క్యాంబర్ పెరుగుతుంది, దాంతో పాటు టో మారుతుంది. టైరు లోపలి అంచు అరిగిపోతే అందరూ క్యాంబర్‌ను తిడతారు, దోషం ఎక్కువసార్లు టోది. వెనక టో సున్నా దాటి బయటికి మాత్రం పోనివ్వకండి, వేగంలో బ్రేకు తొక్కినప్పుడు తోక నిలవదు. ఫ్యాక్టరీ సర్దుబాటుతో టో దారికి రాకపోతే సర్దుబాటు ఆర్మ్‌లు కావాలి. 20 మి.మీ. దించితే సాధారణంగా వాటి అవసరం రాదు, ఆ ఎత్తును ఎంచుకోవడానికి ఇదో కారణం.

మీ స్థానంలో నేనుంటే ఇలా వెళ్తాను. మొదట టైర్లు, ఆ తర్వాత బుష్‌లు (ఆర్మ్‌ల కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు), బాల్ జాయింట్లు. అరిగిన బుష్‌ల మీద కొత్త స్ప్రింగులు వేయడం డబ్బు దండగ. తర్వాత కంపెనీ ఎత్తులోనే ముందు క్యాంబర్‌ను మైనస్ 1.5 డిగ్రీల దగ్గరికి తెచ్చి, వెనక కొద్దిగా టో-ఇన్ పెట్టించి నడిపి చూస్తాను. స్ట్రట్ కార్లలో ముక్కు జారే జబ్బు సగం ఇక్కడే తగ్గుతుంది. ట్రాక్‌కే ఎక్కువ వెళ్లేవాళ్లు మైనస్ 2.5 నుంచి 3 దాకా పోతారు, రోజూ వాడే కారుకు అంత వద్దు. ఇంకా ఒరుగుతోంది అనిపిస్తే కాస్త లావు యాంటీ రోల్ బార్లు. ఇవి తిన్నటి రోడ్డు మీద సుఖాన్ని పెద్దగా పాడుచేయవు, ప్రయాణాన్ని తగ్గించవు. మీరు కోరిన "ఒరగడం తగ్గాలి" అన్నదానికి నేరుగా జవాబు ఇదే. ఆ తర్వాతే షాకులు, స్ప్రింగులు, 20 మి.మీ. ఇందులో ప్రతి దశలోనూ నడిపి చూడండి. చాలామందికి మూడో దశ దగ్గరే తృప్తి కలుగుతుంది, స్ప్రింగుల డబ్బు మిగిలిపోతుంది.

బిగించేటప్పుడు మెకానిక్ దగ్గర నిలబడి చూడాల్సినవి కొన్నున్నాయి. ఎత్తును నేల నుంచి కాకుండా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలవండి, టైరు గాలి తేడా అందులో రాదు. విప్పే ముందు నాలుగు మూలలా రాసిపెట్టుకోండి. ఆర్మ్ బుష్‌ల బోల్టులను కారు గాల్లో ఉండగా పూర్తిగా బిగించనివ్వకండి. ఆ రబ్బరు మెలిపడటం ద్వారానే కదులుతుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు నేల మీదికి దిగాక ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది, ఎత్తు కూడా తప్పుగా చూపిస్తుంది. చక్రాల మీద బరువు పడ్డాకే ఆఖరి బిగింపు. షాక్ రాడ్ నట్టును ఇంపాక్ట్ గన్‌తో తిప్పితే రాడ్ లోపల గిర్రున తిరిగి సీల్ పాడవుతుంది. యాంటీ రోల్ బార్ లింకులు కొత్త ఎత్తులో బార్‌ను మెలిపెట్టకుండా ఉన్నాయా, బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ తీగలు ఎక్కడైనా రాసుకుంటున్నాయా చూసుకోండి. స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి, టైరు ఫెండర్ లైనర్‌కు తగలడం లేదని రూఢి చేసుకోండి.

కార్నర్ వెయిట్ చేయిస్తే డ్రైవర్ సీట్లో మీ బరువు ఉండాలి, బార్ లింకులు ఒకవైపు విప్పి ఉండాలి. ఎదురెదురు మూలల జతలు మొత్తంలో చెరి 50 శాతానికి దగ్గరగా వస్తే ఎడమ, కుడి మలుపుల్లో కారు ఒకేలా తిరుగుతుంది.

కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లలో ఇంకాస్త సర్దుకుంటాయి. అందుకే బిగించిన రోజు చేసిన అలైన్‌మెంట్‌ను చివరిదిగా అనుకోవద్దు, సర్దుకున్నాక ఇంకోసారి చేయించి, బోల్టుల బిగువు చూసుకోండి. హెడ్‌లైట్ల కోణం అదే రోజు దిద్దించండి. ముందు వెనకలు సమానంగా దిగకపోతే వెలుగు మారిపోతుంది. ఆటోమేటిక్ లెవలింగ్ ఉంటే ఆర్మ్‌కున్న ఎత్తు సెన్సర్‌ను కొత్త ఎత్తుకు క్యాలిబ్రేట్ చేయాలి. కారులో లేన్ కెమెరా, ముందు రాడార్ ఉంటే వాటికీ ఇదే వర్తిస్తుంది, తయారీదారు చెప్పిన పద్ధతిలో చేయించాలి.